చెవుల మేస్త్రి, కూతురి పాటలు

పాత టేపు తిరుగుతుంటే వెనకాల సన్నగా వినిపించే బుస మా బావకి ఆగర్భ శత్రువు. రికార్డింగ్ స్టూడియోలో ముప్పై ఏళ్లుగా దాని అంతు చూడడమే ఆయన పని. అలాంటి మనిషి ఒకరోజు మధ్యాహ్నం కుర్చీలో వెనక్కి వాలి, "చూశావురా, మిషన్ తుడిచేసరికి పీడ విరగడైంది!" అన్నాడు. నాకేమో ఆ బుస ఎప్పటికన్నా గట్టిగా వినిపిస్తోంది. వేళాకోళమాడుతున్నాడనుకుని నవ్వాను. నా బుద్ధి తక్కువ.

మా అక్క మొగుణ్ణి అందరూ చెవుల మేస్త్రి అంటారు. పాతికమంది వయొలిన్ వాయిస్తుంటే ఎవరి తీగ వదులైందో వేలు పెట్టి చూపించేవాడు. దానికి తగ్గ పొగరూ ఉండేది లెండి. మైకులు పెట్టి వైర్లు చుట్టే నన్ను గడ్డిపరకలా తీసిపారేసేవాడు.

ఆయన కూతురు రెండేళ్లు కష్టపడి ఒక ఆల్బమ్ కట్టింది. నలభై ఏళ్లనాటి సింథసైజర్లు, పొగమంచులోంచి వస్తున్నట్టుండే గొంతులు. డ్రీమ్ పాప్ అంటారట. తనతోపాటు మూడు దేశాల గాయనులు పాడి పంపించారు; ఒకామెది ఏదో మంచుదేశం, ఇంకో అమ్మాయిది ఒక ద్వీపం. వాటిని పాత టేపు మీదికి ఎక్కించి కలిపే పని మాత్రం తండ్రే చెయ్యాలని పట్టుబట్టింది.

"నాన్న చెవిన పడకుండా ఒక్క పాట కూడా బయటికి వెళ్లదు మామయ్యా" అంది నాతో.

బుస పోయిందన్నది ఆ పని మొదలైన వారానికే. తర్వాత ఇంట్లో వాషింగ్ మిషన్ కీచుకీచుమని మొత్తుకుంటుంటే, దాని పక్కనే నిలబడి తాపీగా పేపరు చదువుకున్నాడు. పరధ్యానం ఎక్కువైందని అక్క విసుక్కుంది. స్టూడియోలో సన్నటి శబ్దాల్ని పెంచే ట్రెబుల్ నాబ్ రోజుకింత పైకి జరుగుతోంది. తనకి వినపడనిదాన్నల్లా పెంచుకుంటూ పోతున్నాడు. ఆయనకి తియ్యగా ఉన్న గొంతులు మాకు గాజుపెంకుల్లా గుచ్చుకుంటున్నాయి. నాకు భయం పట్టుకుంది.

"బావా, ఒకసారి డాక్టరుకి చూపిద్దాం" అన్నాను.

"చూపించుకున్నాను. నాలుగు నెలలైంది. పోయింది ఇక రాదన్నాడు." ఆయన కళ్లు టేపు మీదే ఉన్నాయి. "ఈ ఒక్కటీ పూర్తి చెయ్యనివ్వరా. పిల్లకి చెప్పావంటే నా మీద ఒట్టే."

నేను నోరు కుట్టేసుకున్నాను. ఆ పిల్ల రెండేళ్ల కష్టం నా కళ్లెదుటే పాడవుతుంటే వైర్లు చుట్టుకుంటూ కూర్చున్నాను. ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

సోమవారం టేపులు రికార్డులు అచ్చువేసే ఫ్యాక్టరీకి వెళ్లాలి. శుక్రవారం పొద్దున నా మేనకోడలు స్టూడియోకి వచ్చింది. తను పంపిన పాటలు విని మంచుదేశం గాయని ఉత్తరం రాసిందట, ద్వీపం అమ్మాయి కూడా. తమ గొంతులు ఎందుకలా కోస్తున్నాయో మర్యాదగా అడిగారట. ఆ సంగతి నాకు గుమ్మంలోనే చెప్పింది. నా మొహం చూసి ఇంకేమీ అడగలేదు. తిన్నగా లోపలికి వెళ్లి, చివరి పాట పెట్టింది. వాయిద్యాలు లేవు, ఒక్క గొంతే.

"నాన్నా, ఇది ఎవరు?"

బావ కళ్లు మూసుకుని తలాడించాడు. మొహమంతా సంతోషం.

"ఇంకెవరే, మంచుదేశం అమ్మాయి! ఏం గొంతు! నువ్వు ఈవిడ దగ్గర నాలుగు రోజులు నేర్చుకోవాలమ్మా."

ఆ పిల్ల టేపు ఆపింది. తండ్రి కుర్చీ పక్కన మోకాళ్ల మీద కూర్చుని, చెవి దగ్గరికి వంగింది.

"అది నేను నాన్నా."

ఆ మాట ఆయనకి వినపడింది.