ప్లేడే ఉంది

మా బొగ్గు కంపెనీలో ఆదివారం డ్యూటీకి పోతే దాన్ని ప్లేడే అంటారు. ఈ పేరు ఎవరు పెట్టారో తెలియదు కానీ, పెట్టినవాడికి వెటకారం బాగానే ఉండి ఉంటుంది. లోకమంతా ఇంట్లో పడుకునే రోజున బాయిలోకి దిగాలి. మా వైపు గనిని బాయి అనే అంటారు. ఆ కష్టానికి రెండింతల జీతం, పైగా ఆట పేరు. నేను మూడో తరగతిలో ఉండగా, ఆదివారం మీ ఇళ్లలో ఏం చేస్తారని కంపెనీ బడిలో టీచర్ అడిగింది. నేను లేచి, "మా బాపు ఆడుకోను పోతడు టీచర్" అన్నాను. టీచర్ నవ్వింది. క్లాసులో ఒక్కరూ నవ్వలేదు. వాళ్ల బాపులు కూడా ఆడుకోవడానికే పోయేవారు మరి.

చాలా కాలం నా బుర్రలో భూమి కింద ఒక పెద్ద గ్రౌండు ఉండేది. అక్కడ చీకటి కాబట్టి టోపీకి లైటు, బంతి తగలకుండా ఆ గట్టి బూట్లు. ఆదివారం సాయంత్రం బాపు నల్లటి మొహంతో వచ్చి క్వార్టర్ ముందు గద్దె మీద కూర్చుని ఆ బూట్లు విప్పుకునేవాడు. "గెలిచిండ్రా బాపూ?" అని ఒకసారి అడిగాను. మా అమ్మ పగలబడి నవ్వింది. బాపు నవ్వలేదు. "ఇయ్యాల డ్రా అయింది బిడ్డా" అన్నాడు.

ఆ తర్వాత నేను నిజంగానే ఆటగాణ్ణయ్యాను. మేముండే సెంటినరీ కాలనీ గ్రౌండులో నేర్చుకున్నాను. గడ్డి మీద బొగ్గు దుమ్ము ఉండేది, కొత్త బంతి పది ఓవర్లకే మా మొహాల రంగులోకి వచ్చేది. మధ్యాహ్నం పక్కనున్న ఓపెన్‌కాస్ట్ గనిలో బ్లాస్టింగ్ సైరన్ మోగితే పరుగెత్తుకొస్తున్న బౌలర్ ఎక్కడివాడక్కడ ఆగేవాడు. నేల ఒకసారి వణికేది, క్వార్టర్ల కిటికీలు గలగలమనేవి, మళ్లీ ఆట మొదలయ్యేది. మొదటిసారి హైదరాబాద్‌లో ఆడినప్పుడు మధ్యాహ్నం ఆ టైముకు నాకు తెలియకుండానే రన్నప్‌లో ఆగిపోయాను. అంపైర్ దగ్గరికొచ్చి, ఒంట్లో బాగాలేదా అని అడిగాడు.

నేను ఆల్‌రౌండర్‌ని. వినడానికి గొప్పగా ఉంటుంది. బ్యాటింగ్‌లో ఏడో నంబరు, బౌలింగ్‌లో ఐదో మనిషి. బ్యాట్స్‌మెన్ బాగా ఆడితే నాకు పని లేదు, బౌలర్లు బాగా వేస్తే అసలే లేదు. అందరూ కలిసి చెడగొట్టిన రోజు మాత్రం రెండు పనులూ నావే. హైదరాబాద్ లీగుల్లో ఏళ్లకేళ్లు ఆడాను. రాష్ట్ర జట్టులో మూడు సీజన్లు ఉన్నాను. ఉన్నాను అంటున్నాను కానీ ఆడాను అనడం లేదు, గమనించండి. ఆడినవాటికన్నా బెంచీ మీద కూర్చున్నవే ఎక్కువ.

ఆ రోజుల్లో నాకు ఒకటే కోరిక ఉండేది. మా బాపు ఒక్కసారైనా వచ్చి నా ఆట చూడాలని. కాలనీ గ్రౌండు మా క్వార్టర్‌కు నాలుగడుగుల దూరం, అయినా అక్కడికీ రాలేదు. ఎప్పుడు ఫోన్ చేసి పిలిచినా ఒకే మాట. "ఈ ఐతారం ప్లేడే ఉన్నది బిడ్డా." నాకు ఒళ్లు మండేది. ఒక పండగకు ఇంటికి వచ్చినప్పుడు అడిగేశాను కూడా. "నీకు డబల్ జీతం మీదున్న పాణం నా మీద లేదు బాపూ" అన్నాను. బాపు అన్నం కలుపుకుంటూనే ఉన్నాడు. మా అమ్మే అందుకుంది. "ఆయన కింద దిగుతుంటెనే నువ్వు మీద ఆడుతున్నవు. సప్పుడు జెయ్యక తిను" అంది. ఆ మాట నిజమే. నా బ్యాట్లు, బూట్లు, హైదరాబాద్ గది కిరాయి, అన్నీ ఆ ప్లేడేల మీదే నడిచాయి. నిజమని తెలిసినా కోపం పోలేదు.

ఆ తర్వాత ఒక ఆదివారం హైదరాబాద్‌లో మా రాష్ట్ర జట్టుకు వన్డే మ్యాచ్ పడింది. ఈసారి తుది జట్టులో నా పేరు ఖాయమన్నారు. ఎగిరి గంతేసి ఇంటికి ఫోన్ చేశాను. "ప్లేడే ఉన్నది బిడ్డా" అన్నాడు బాపు. తీరా మ్యాచ్ పొద్దున ఏమైందో ఏమో, టాస్‌కు ముందు నా పేరు తీసి ఇంకొకరిది రాశారు. నేను పన్నెండో ఆటగాణ్ణి. ఆ రోజంతా నీళ్ల బాటిళ్లు మోశాను, తువ్వాళ్లు మోశాను. మధ్యలో మా ఓపెనర్ గ్లౌజులు తడిశాయని చెయ్యి ఊపితే కొత్త జత పట్టుకుని పరుగెత్తాను. వాడు నాకన్నా ఆరేడేళ్లు చిన్న. తడి గ్లౌజులు విప్పి, నేను చెయ్యి చాచే ఉన్నా, నేల మీద పడేసి అటు తిరిగాడు. వంగి ఏరుకున్నాను. నిండా జనం ఉన్న స్టేడియమేమీ కాదది, చెట్ల నీడన వందమంది ఉంటారేమో. అయినా తలెత్తలేకపోయాను. బాపు రాకపోవడమే మంచిదైందని జీవితంలో మొదటిసారి అనుకున్నాను.

సాయంత్రం బాపే ఫోన్ చేసి, "ఎట్ల ఆడినవు బిడ్డా?" అని అడిగాడు. ముప్పై పరుగులు చేశానని, రెండు వికెట్లు తీశానని చెప్పాను. పేపర్లో ఆ పేజీ ఆయన ఎలాగూ చూడడు. "మంచిది. అన్నం తిని పండుకో" అని పెట్టేశాడు. గ్లౌజుల సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. అమ్మకు చెప్పలేదు, తర్వాత పెళ్లయ్యాక నా భార్యకూ చెప్పలేదు.

మా ఆటలో ఎవరూ ఎవర్నీ గెంటేయరు. పిలవడం మానేస్తారు, అంతే. భుజం పోయింది, మోకాలు పోయింది, ఫోన్ మోగడం ఆగిపోయింది. అప్పటికే బాపుకు దగ్గు ముదిరింది. మెడికల్ బోర్డు ఆయన్ని అన్‌ఫిట్ చేసింది, కంపెనీ పద్ధతి ప్రకారం ఆయన ఉద్యోగం నాకు వచ్చింది. చేరినప్పుడు నన్ను బదిలీ వర్కర్ అన్నారు. అంటే ఎవరు డ్యూటీకి రాకపోతే వాళ్ల చోట పని చేసేవాడు. హాజరు వేసే మస్టర్ దగ్గర క్లర్కు ఆ సంగతి వివరిస్తుంటే నాకు నవ్వొచ్చింది. "ఎందుకు నవ్వుతున్నవు?" అన్నాడు. రాష్ట్ర జట్టులో మూడేళ్లు నేను చేసింది అదేనని అతనికి ఏం చెప్పను?

ఇప్పుడు పర్మినెంట్ అయింది. ఏడింటికి మొదటి షిఫ్టు, మూడింటికి బయటికి. ఒళ్లంతా అలసట. ఇది పని వల్ల వచ్చిందో ఆట వల్ల వచ్చిందో విడదీసి చెప్పలేను. అయినా మా ఏరియా జట్టులో ఆడుతూనే వచ్చాను. ఈ ఏడాదితో చాలనుకున్నాను. ఆఖరి మ్యాచ్ మా కాలనీ గ్రౌండులోనే, ఆదివారం. నెల ముందే బాపుకు చెప్పాను. "ఇదే ఆఖరు బాపూ. ఇగ ఆడను." ఆయన "వస్త" అన్నాడు. ఇన్నేళ్లలో ఆ మాట వినడం అదే మొదలు. పిచ్చివాడిలా సంతోషపడ్డాను. షిఫ్టు దిగి, మోకాలికి పట్టీ కట్టుకుని, రోజూ పోయి బంతులు వేశాను.

శుక్రవారం ప్రాక్టీసయ్యాక కెప్టెన్ నన్ను పక్కకు పిలిచాడు. డంపర్ నడిపే కుర్రాడు, మంచివాడే. "అన్నా, ఏమనుకోకు. భుజం లేస్తలేదు నీకు, మేం సూస్తలేమా? ఈ ఒక్క మ్యాచ్ పన్నెండో మనిషిగ ఉండు. నీ ఎక్స్‌పీరియన్స్ మాకు గావాలె" అన్నాడు. ఎక్స్‌పీరియన్స్ అనే మాట ఎవరైనా తీశారంటే మన పని అయిపోయిందని అర్థం. సరేనన్నాను. అతని మీద కోపం కూడా రాలేదు, అంత ఓపిక లేదు.

శనివారం షిఫ్టు దిగి ఇంటికి వచ్చేసరికి బాపు వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. తలుపు మేకుకు ఆయన తెల్లచొక్కా ఇస్త్రీ చేసి వేలాడుతోంది. దారంతా ఒక మాట సిద్ధం చేసుకుని వచ్చాను. అదే అన్నాను.

"రేపు ప్లేడే పడ్డది బాపూ. మ్యాచ్‌కు పోతలేను."

బాపు నా మొహంలోకి చూశాడు. "ప్లేడే లిస్టుల నీ పేరున్నదా?" అన్నాడు. ముప్పై ఏళ్లు ఆ మాట తిప్పితిప్పి వాడిన మనిషి ముందు అబద్ధం నిలబడుతుందా? బూట్లు విప్పుకుంటూ నిజం చెప్పేశాను.

"టీంల తీసుకోలే బాపూ. నీళ్లు మొయ్యాలె."

ఆయన దగ్గాడు. ఆ తర్వాత చాలా మామూలుగా అడిగాడు.

"ఆ హైదరబాద్ల, గ్లౌజులు నీ చేతికియ్యక కింద పడేసిండు సూడు ఒక పిలగాడు. ఇప్పుడేడున్నడు వాడు?"

చేతిలో బూటు చేతిలోనే ఉండిపోయింది. నేను చెప్పిన ముప్పై పరుగులు, రెండు వికెట్లు గుర్తొచ్చాయి. మంచిది అన్నం తిని పడుకో అన్న గొంతూ గుర్తొచ్చింది. ఆ గొంతు వెనక బస్టాండు హారన్లు వినిపించాయా లేదా అని ఇన్నేళ్ల తర్వాత వెతుక్కున్నాను. ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

"ఆ దినం నీకు ప్లేడే ఉండె గదా బాపూ" అన్నాను.

"ఉండె" అన్నాడు. "పోలేదు."

లేచి, తలుపు దగ్గరికి పోయి, చొక్కా కాలర్ సరిచేసి మళ్లీ మేకుకే తగిలించాడు.

"నాకిప్పుడు ప్లేడేలు లెవ్వు గదా. వస్త. ఎన్నింటికి?"

"ఎనిమిదింటికి బాపూ" అన్నాను.