ఇసుర్రాయి మాట్లాడిన ఆదివారం

మాదాపూర్ ఓనరమ్మ పోయిందని సూరిబాబు పొద్దున ఫోన్ చేసి చెప్పాడు. తర్వాత వాడే, "ఆ ఇసుర్రాయిని ఇప్పుడు ఎవరు ఉంచుకుంటారో రా," అన్నాడు. నాకు ఏడుపూ నవ్వూ కలిసే వచ్చాయి.

తొంభైల చివర్లో, అక్కడ ఆఫీసు భవనాలు ఒక్కొక్కటే లేస్తున్న రోజుల్లో, ఆమె మేడ మీది గదిలో మేం నలుగురం కిరాయికి ఉండేవాళ్ళం. నాది కడప, సూరిబాబుది కాకినాడ. ఆమె మమ్మల్ని పేరు పెట్టి పిలిచిన పాపాన పోలేదు. అందరం "కంప్యూటర్ పోరగాళ్ళ"మే. నీళ్ళ మోటారుకు తాళం వేసి, తాళంచెవి కొంగున కట్టుకునేది. ఇదేం చోద్యమని అడిగితే, "నీళ్ళు వాడెటోనికి ఏం తెలుస్తది, తోడినోనికి తెలుస్తది," అనేది. అలాగని పిసినారి కాదు. ఎవరికైనా జ్వరమొస్తే జొన్న గటక తెచ్చి, గిన్నె ఖాళీ అయ్యేదాకా గుమ్మంలో నిలబడి తిట్టేది. ఊరుగాని ఊళ్ళో మాకు దిగులు తెలియలేదంటే అది ఆమె చలవే.

ఆదివారం మధ్యాహ్నాలు మేం ఒక ఆట ఆడేవాళ్ళం. ఒకడు కోటలూ రాక్షసులూ కల్పించి కథ నడపాలి, మిగతావాళ్ళు వీరులు. కొట్టాలన్నా, పారిపోవాలన్నా, రాక్షసుడితో మాట్లాడాలన్నా స్టీలు గ్లాసులోంచి అంకె రాసిన చీటీ తీయాలి. ఇరవై వస్తే ఇక తిరుగులేదు. కథ నడిపేది నేనే. ఒక వారం నా దగ్గర రాక్షసులు అయిపోయారు. మెట్ల కింద ఓనరమ్మ ఇసుర్రాయి కనిపించింది, సూరిబాబు భాషలో తిరగలి. ఇంకేం, దానికి దయ్యం పట్టించేశాను. అది తనంతట తానే గరగరా తిరుగుతూ వీరుల్ని జొన్నల్లా విసిరేస్తోంది.

ఇద్దరు పిండైపోయారు. సూరిబాబు కత్తి దూయబోతుండగా, ఆరిన బట్టలు తీసుకోవడానికి పైకొచ్చిన ఓనరమ్మ గుమ్మంలో ప్రత్యక్షమైంది.

"ఏందిరా? నా ఇసుర్రాయికి దయ్యం పట్టిందా?"

చచ్చాంరా దేవుడా, ఇక గది ఖాళీ చెయ్యాల్సిందే అనుకున్నాను. "ఉత్త ఆటేనండి పిన్నిగారూ," అంటూ సూరిబాబు అంతా విడమరిచి చెప్పాడు. ఆమె బట్టలు ఒళ్ళో పెట్టుకుని మా మధ్య చతికిలబడింది.

"దయ్యం గాదు. అండ్ల మా అత్త ఉంటది. నేనెంత ఇసిరినా 'గిది పిండేనా, రవ్వనా' అనుడే. సచ్చేదాంక ఒక్కనాడు మంచిగున్నదనలే. నన్ను నోరు తెర్వనిచ్చిందా? జర జరగుర్రి, నేను మాట్లాడ్త దాంతోని."

"మాట్లాడల్లంటే చీటీ తీయల్ల పెద్దమ్మా," అన్నాను. రూలు రూలే కదా.

"నా ఇంట్ల నాకే రూలా?" అంటూనే గ్లాసులో చెయ్యి పెట్టింది. కళ్ళజోడు కింద ఉందని చీటీ సూరిబాబుకిచ్చింది. వాడు చూసి "ఇరవై!" అని అరిచి, చీటీని నోట్లో వేసుకుని నమిలేశాడు. అందులో అసలేముందో ఈనాటికీ చెప్పడు.

ఇక ఆమె మొదలుపెట్టింది. చేతులు బొబ్బలెక్కిన సంగతి, చెల్లెలి పెళ్ళికి పంపని సంగతి, అన్నీ. మధ్యలో "వింటున్నవా?" అని నన్ను గద్దించింది. రాక్షసుల మాటలు చెప్పాల్సింది నేనే మరి. "వింటాండా," అన్నాను.

"మా అత్త గట్ల మాట్లాడదు. సక్కగ చెప్పు!"

మీసాలున్న అత్తనై బుద్ధిగా తలూపాను. అంతా కక్కేశాక ఆమె గొంతు తగ్గింది.

"గిప్పుడన్న చెప్పు అత్తా. నా పిండి ఎట్లుండె?"

ఎవరూ నవ్వలేదు. నాకొచ్చిన ఆ యాసంతా కూడదీసుకుని, "మెత్తగనే ఉండె బిడ్డా. మంచిగుండె," అన్నాను.

ఆమె ఒళ్ళోని ఆరిన తువ్వాలుతో మొహం తుడుచుకుంది. మోకాళ్ళ మీద గడ్డం ఆనించి, చిన్నపిల్లలా నా నోటి వంకే చూస్తూ అంది:

"ఇంకొక్కపారి అను అత్తా."