తెల్లగుడ్డతో తుడవకూడని కారు

ఆ కోడలికి కన్నవాళ్ళు పెట్టిన పేరు చక్కగానే ఉంటుంది. మామగారి నోట మాత్రం అది నిలవలేదు. కాపురానికొచ్చిన కొత్తలోనే ఆయన దాన్ని పక్కన పెట్టేసి ‘ఎందుకమ్మ’ అని పిలవడం మొదలుపెట్టారు. తప్పు ఆయనది కాదు. “మామయ్యా, గోడగడియారంలో సెకన్ల ముల్లు కిందికి జారేటప్పుడు హాయిగా జారుతుంది, పైకెక్కేటప్పుడు మాత్రం వణుకుతుంది, ఎందుకు?” అని పొద్దున్నే టీ గ్లాసుతోపాటు ప్రశ్న కూడా అందించే మనిషిని ఇంకేమని పిలుస్తారు?

“బ్యాటరీ నీరసపడిందమ్మా. అయినా ఎక్కడం ఎవరికైనా కష్టమే” అన్నారాయన. ఆయనకి తెలియాలి మరి. పెద్దాసుపత్రిలో లిఫ్టు మెకానిక్కుగా ఉద్యోగమంతా ఎక్కుతూ దిగుతూ గడిపి, చేరిన హోదాలోనే రిటైరైన మనిషి.

ఎందుకమ్మది కుట్టుపని. వీధిగదిలో మిషను, దాని పక్కన కత్తిరింపు బల్ల, బల్లకింద తెల్ల లైనింగు ముక్కల మూట. ఏ గుడ్డ వచ్చినా ముందు ఓ మూల తడిపి, తెల్లముక్క మధ్య పెట్టి గట్టిగా నొక్కి చూస్తుంది. తెల్లముక్క తెల్లగా ఉంటేనే కత్తెర పట్టుకుంటుంది. రంగు దిగే గుడ్డని నమ్మి కుట్టేస్తే, మొదటి ఉతుకులో దాంతోపాటు కుట్టినవాళ్ళ పరువూ దిగుతుందని ఆమె భయం.

ఇక మామా, మొగుడూ, తనూ పోగా ఆ ఇంట్లో నాలుగో ప్రాణి కారు. పెరటి షెడ్డులో ఉంటుంది. గుండ్రటి దీపాలు, లావుపాటి మడ్‌గార్డులు, పండిన దానిమ్మ గింజ రంగు. ఆసుపత్రిలో ఎముకల డాక్టరుగారిది. కుర్రతనంలో కొత్తగా కొనుక్కున్న బండి. రిటైరై కూతురి ఊరు వెళ్ళిపోతూ, ఎంతమంది అడిగినా కాదని మామగారికి ఇచ్చారు. ఒక్కటే షరతు. “రంగు జోలికి మాత్రం పోకు. ఇది ఫ్యాక్టరీలో వేసిన రంగు. దీనిమీద ఇంకో పూత పడకూడదు.” మామగారు బానెట్ మీద చెయ్యివేసి మాటిచ్చారు.

అప్పట్నించీ ఆ బండిని ఆయన తప్ప ఎవరూ కడగలేదు. నిజానికి ఒకడు కడిగాడు. కొడుకు, అంటే ఎందుకమ్మ మొగుడు, చిన్నప్పుడు నాన్నని సంతోషపెడదామని గిన్నెలు తోమే పీచుతో వెనక తలుపు తోమాడు. నెలవంకల్లాంటి గీతలు ఇప్పటికీ ఉన్నాయి. వాడికి పెళ్ళయింది, బట్టతల వచ్చింది, మన్నింపు మాత్రం ఇంకా రాలేదు.

అలాంటిది, మామగారు స్టూలెక్కి బల్బు మారుస్తూ జారిపడి కుడిచెయ్యి మణికట్టు విరగ్గొట్టుకున్నారు. కట్టు ఇంకా తియ్యకముందే ఓ ఉదయం డాక్టరుగారి నుంచి ఫోను.

“ఏమయ్యా లిఫ్టూ! ఊళ్ళోకొచ్చాను. సాయంత్రం మీ ఇంటికొస్తా. నిన్ను చూడ్డానిక్కాదు, బండిని. మాట నిలబెట్టుకున్నావో లేదో తేల్చుకుని పోతాను.”

ఫోను పెట్టేసి మామగారు షెడ్డులోకి తొంగిచూశారు. పక్కింట్లో నేల పగలగొడుతున్నారేమో, బండినిండా సిమెంటు దుమ్ము. దాన్ని అలా చూపించలేరు. ఎడంచేత్తో తుడిస్తే ఆ దుమ్ములోని రవ్వే రంగుని గీసిపారేస్తుంది.

“నేను కడుగుతాలే నాన్నా” అన్నాడు కొడుకు.

“నువ్వు ఆఫీసుకెళ్ళరా బాబూ. పుణ్యముంటుంది.”

ఇక మిగిలింది ఒక్కరే. “ఎందుకమ్మా, గాజులూ ఉంగరమూ తీసి అక్కడ పెట్టి రా” అన్నారాయన గొంతు సవరించుకుని.

ఆమె ఎగిరి గంతేసినంత పని చేసింది. ఇన్నేళ్ళుగా ఆ షెడ్డు గడప దాటనిస్తేనా!

మామగారు కుర్చీ వేయించుకుని కూచుని, విరిగిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, రెండో చేత్తో సంగీత కచేరీలో తాళం వేసినట్టు ఆజ్ఞలు వెయ్యసాగారు. “ముందు ముట్టుకోకు. నీళ్ళు పొయ్యి. పైనుంచి జారనీ.”

“ఎందుకు?”

“రవ్వ దానంతటది జారిపోవాలి. మనం తోశామా, గీసుకుంటూ పోతుంది.”

“రెండు బకెట్లెందుకు?”

“ఒకదాంట్లో కారు షాంపూ నీళ్ళు, ఒకదాంట్లో ఉత్తనీళ్ళు. తుడిచిన గుడ్డ ముందు ఉత్తనీళ్ళల్లో జాడించి, తర్వాతే షాంపూలో ముంచు. చక్రాల గుడ్డ వేరు. అది ఇటొచ్చిందా, నీకూ నాకూ పడదు.”

“గుండ్రంగా రుద్దకూడదా?”

“రుద్దనే కూడదు. నిలువుగా, తేలిగ్గా లాగు. నిద్రపోతున్న పసిపిల్ల మొహం తుడిచినట్టు.”

“సరేగానీ మామయ్యా, ఈ గుడ్డలన్నీ మెరూన్ రంగువే ఎందుకు?”

“అదీ... మురికి కనబడదని” అన్నారు ఎటో చూస్తూ.

మురికి కనబడని గుడ్డతో మురికి ఎలా తుడుస్తారో ఎందుకమ్మకి అర్థం కాలేదు. ఇంకోసారి అడుగుదామని చూస్తే, నొప్పి మాత్ర ప్రభావమో ఏమో, మామగారి గడ్డం ఛాతీమీదికి జారింది. గురక మొదలైంది.

కుట్టుపనివాళ్ళ బుద్ధి ఎక్కడికి పోతుంది? మెరూన్ గుడ్డ ఒకటి చెంబునీళ్ళలో ముంచి పిండింది. నీళ్ళు ఎర్రబడ్డాయి. ‘అమ్మో, రంగు దిగే గుడ్డ! ఇది బండికి అంటుకుంటే!’ అనుకుని, ఆ గుడ్డలన్నీ మూలకి విసిరేసి, బల్లకింది మూటలోంచి తెల్లటి మెత్తటి లైనింగు ముక్కలు తెచ్చుకుంది. మామయ్య లేచేసరికి తన తెలివి చూసి మురిసిపోతారనుకుంది.

దుమ్మంతా జారేదాకా నీళ్ళు పోసింది. తెల్లగుడ్డ షాంపూలో ముంచి పైకప్పు మీద ఒక్కసారి నిలువుగా లాగింది. గుడ్డ తిరగేసి చూసింది.

ఎర్రగా ఉంది.

పాత మెరూన్ గుడ్డల రంగు పైన మిగిలిపోయిందేమోనని సర్దిచెప్పుకుంది. జాడించి, అదే చోట ఇంకోసారి లాగింది. మళ్ళీ ఎరుపు. సాయంత్రం డాక్టరుగారు వస్తున్నారు. మామయ్య ఇన్నేళ్ళు కాపాడిన రంగు తన చేతిగుడ్డకి ఎక్కింది! మొగుడు తలుపు ఒక్కటే పాడుచేశాడు, తను ఏకంగా కప్పు లేపేసింది. ఆ ఇంట్లో ఇక మొగుడికి మంచిపేరే.

పారిపోవాలనే అనిపించింది. కానీ భయం వెనకే ఆ పాడు అలవాటు కూడా తల ఎత్తింది: ఎందుకు?

తలుపు తెరిచి, మూస్తే లోపలికి పోయే అంచుని కొత్త తెల్లముక్కతో తుడిచింది. ముక్క తెల్లగానే ఉంది. డిక్కీ ఎత్తి రబ్బరు కింద తుడిచింది. అక్కడా తెలుపే. బానెట్ మీద లాగితే ఎరుపు. తలుపు దిగువన, నీడపట్టున, కాస్త గులాబీ. అంటే ఎండ తగిలినచోటే రంగు వస్తోంది. నీళ్ళు కాదు, షాంపూ కాదు, తన చెయ్యీ కాదు. సున్నం గోడకి ఆనుకుంటే వీపుకి అంటినట్టు, రోడ్లమీద తిరిగిన ఏళ్ళ ఎండకి పైరంగు పొడిపొడై ఉంది. అంటుకున్నది ఆ పొడి. కిందిరంగు కిందే ఉంది. మరి ఆ మెరూన్ గుడ్డలు? అవి ఒకప్పుడు ఏ రంగువైనా అయ్యుండొచ్చు, దిగింది మాత్రం వాటి రంగు కాదు!

“ఏం చేస్తున్నావ్?”

మామగారు లేచి నిలబడ్డారు. ఆయన కళ్ళు కారు మీద లేవు, దండెం మీద ఆరేసిన ఎర్రమచ్చల తెల్లముక్కల మీద ఉన్నాయి. దొంగ దొరికినట్టు మొహం పెట్టింది ఎందుకమ్మ. చిత్రమేమిటంటే, ఆయన మొహమూ అలాగే ఉంది.

“కనిపెట్టేశావన్నమాట” అన్నారు నీరసంగా కూలబడి. “తెచ్చిన కొత్తలో తెల్ల తువ్వాలుతో తుడిచాను. ఎర్రగా తేలింది. అప్పటికి మీ అత్తయ్య ఉంది. చూసి, ‘మీ బండి సిగ్గుపడుతోందండీ’ అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. మాటిచ్చి తెచ్చిన రంగు నా చేత్తోనే అరగదీస్తున్నానని... ఎవరికీ తెలియకూడదని మెరూన్ గుడ్డలు కొన్నాను. తర్వాత ఎంత పోయిందో నాక్కూడా తెలియకుండా పోయింది. అది ఇంకా హాయిగా ఉండేది.”

“మరి డాక్టరుగారు ముట్టుకుంటే?”

“ముట్టుకోనివ్వకూడదు. అంతే.”

మిగతా బండి ఎందుకమ్మ గాలికి కూడా నొప్పి తగలనంత మెత్తగా కడిగింది. ఆరబెట్టేటప్పుడు గుడ్డ ఈడ్చలేదు, పరిచి ఎత్తింది. కడిగాక బండి నిగనిగలాడింది. మామగారి మొహం మాత్రం తేటపడలేదు.

సాయంత్రం డాక్టరుగారు వచ్చారు. కర్ర ఊతంతో నడుస్తున్నా చూపు మాత్రం ఎక్స్‌రేలా ఉంది. మామగారు బండికి అడ్డంగా నిలబడ్డారు. డాక్టరుగారు కుడికి జరిగితే ఆయనా కుడికి, ఎడమకి జరిగితే ఎడమకి.

“ఏమయ్యా, లిఫ్టు తలుపులాగా అటూ ఇటూ జరుగుతావేం?”

“ఇంకా తడిగా ఉందండి.”

“తడా? పొడిగా కనిపిస్తోందే.”

“పైకి పొడే. లోపల తడి.”

“అమ్మాయ్, మీ మామయ్యకి విరిగింది చెయ్యేనా, తలకి కూడా దెబ్బ తగిలిందా?” అంటూనే డాక్టరుగారు కర్రతో ఆయన్ని సున్నితంగా పక్కకి నెట్టి, జేబులోంచి తెల్లటి చేతిరుమాలు తీసి, బానెట్ మీద ఒక్క చరుపు చరిచి లాగారు.

ఎందుకమ్మ కళ్ళు మూసుకుంది. మామగారు మూసుకోవడం కూడా మరిచిపోయారు.

“ఆహా!” అన్నారు డాక్టరుగారు రుమాలు వెలుతురుకి ఎత్తిపట్టి. “ఇంకా అంటుతోందే!”

“క్షమించండి డాక్టరుగారూ, నేను...”

“క్షమించడమేమిటయ్యా? కొత్తరంగు కొట్టించి పైన మెరుపు పూత వేయించి ఉంటే ఇది అంటుతుందా? నిన్ను నమ్మలేక కాదుగానీ, పరీక్ష చేద్దామనే ఈ రుమాలు తెచ్చుకున్నాను. నా దగ్గరున్న రోజుల్లో నా తెల్లకోటు ఎప్పుడూ ఎర్రగానే ఉండేది. ఆపరేషన్ చేసి వచ్చాననుకుని రోగులు లేచి దణ్ణాలు పెట్టేవాళ్ళు.”

“మరి ఆ సంగతి మామయ్యకి ముందే ఎందుకు చెప్పలేదండీ?” అంది ఎందుకమ్మ ఆగలేక.

డాక్టరుగారు కర్ర వంక చూసుకున్నారు. “చెబితే తీసుకుంటాడా, అమ్మాయ్?”

మామగారికి నవ్వొచ్చింది. కట్టున్న చెయ్యి నొప్పెట్టేదాకా, దాన్ని పట్టుకుని మరీ నవ్వారు. నవ్వి, బండికి అడ్డు తొలిగి, “ఇటుపక్క కూడా తుడిచి చూడండి, ఇంకా బాగా అంటుతుంది” అన్నారు. డాక్టరుగారు చూశారు. గోడవతల నుంచి తొంగిచూస్తున్న పక్కింటాయన్ని మామగారే పిలిచి, చెయ్యిపట్టుకుని మడ్‌గార్డు మీద రుద్దించారు.

“అయ్యయ్యో, రంగు పోతోందండీ!” అన్నాడు పక్కింటాయన అరచెయ్యి చూసుకుని.

“పోతుంది మరి! అసలు రంగు!” అన్నారు మామగారు ఛాతీ విరుచుకుని. “పైకప్పు మీద కూడా ఓసారి...”

ఎందుకమ్మ వెళ్ళి బండికి అడ్డంగా నిలబడింది.

“ఇక చాలు మామయ్యా! ఒరిజినల్ అని రుజువు చెయ్యడానికి ఒరిజినలంతా తుడిచేస్తారా ఏంటి?”