సముద్రంలో యాతం

చచ్చిపోయిన మొగుడు అబద్ధాలకోరని తేల్చుకోవడానికి కొచ్చి దాకా పోయిన ఆడమనిషిని మీరెక్కడైనా చూశారా? నేను చూశాను. రైల్లో ఆమె పక్క సీటు నాదే.

ఆమె పేరు దస్తగిరమ్మ. పుట్టింది పెనుకొండలో, మెట్టింది హిందూపురంలో. మార్కెట్ దగ్గర చింతపండు కొట్టే పని. కాయను బండ మీద పెట్టి, సుత్తితో కొట్టి, గింజ తీసి పక్కన వేయాలి. పెళ్లయిన ఏటి నుంచీ అదే పని కాబట్టి ఎంత కడిగినా ఆమె వేళ్ల నలుపు పోదు. నేనూ ఆమె ఎదురుగా కూర్చునే కొడతాను. నా పేరు వసుంధర. నా నోరు మంచిది కాదని అక్కడందరూ అంటారు. ఉన్నమాట అంటే ఎవరికి నచ్చుతుంది చెప్పండి? అయితే నా నోట అబద్ధం రాదని కూడా వాళ్లే అంటారు. ఆ రెండో మాటే నా కొంప ముంచింది.

దస్తగిరక్క మొగుడు బాబావలి ధర్మవరం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మనిషి, లారీ డ్రైవరు. మన చింతపండు, మిరపకాయలు కొచ్చికి తోలేవాడు. మంచివాడే, ఒకరి జోలికి పోయేవాడు కాదు. కానీ కొచ్చి నుంచి దిగాడంటే చాలు, టీ బంకు దగ్గర నలుగురిని పోగేసి మొదలుపెట్టేవాడు.

"సముద్రంలో యాతాలేసినారప్పా ఆడ! మనం బాయిలో నీళ్లు తోడినట్ల వాళ్లు చేపలు తోడతారు."

యాతం మేం ఎరగనిదా? బావి గట్టున పొడుగాటి దూలం, ఒక కొసకు బాన, ఇంకో కొసకు బండరాళ్ల బరువు. దూలం మీద మనిషి అటూ ఇటూ నడిస్తే బాన మునుగుతుంది, లేస్తుంది. దాన్ని తీసుకెళ్లి సముద్రంలో వేస్తారట! అందరం పడీపడీ నవ్వేవాళ్లం. పడవ మీదికి లారీలు ఎక్కుతాయనేవాడు. ఒక వీధిలో అడుగు పెడితే శొంఠి ఘాటుకు తుమ్ములు ఆగవనేవాడు. ఊళ్లో ఆయనకు కోతల బాబావలి అనే పేరు ఖాయమైపోయింది. ఎవరూ నమ్మకపోతే చివరికి నా వైపు తిరిగేవాడు.

"వసుంధరా, నువ్వన్నా నమ్ముతావా మే?"

"చూస్తే నమ్ముతాలేన్నా, పో" అనేదాన్ని.

వాటన్నిటికన్నా పెద్ద కోత ఇంకోటి ఉంది. "కొచ్చిలో గోడౌన్ల ఎనక, సముద్రం కట్ట కాడ ఒక ముసలాయన టీ అంగడి ఉండాది. ఆడ నాకని ఒక లోటా పెట్టినారు. నా పేరు గీకి ఉంటాది. దాంట్లో ఇంకెవురికీ టీ పొయ్యరు."

దీనికి అందరికన్నా ఎక్కువ నవ్వేది దస్తగిరక్కే. "ఇంట్లోనే నీకు సపరేటు లోటా లేదు, కొచ్చిలో పెడతారంట! సాల్లేప్పా!"

పోయిన ఎండాకాలం పెనుకొండలో ఆమె అన్న కూతురి పెళ్లి. పొద్దున్నే ఈమె కొత్త చీర కట్టుకుని బస్సుకు బయల్దేరుతుంటే ఆయన మంచం మీద నుంచి లేవలేదు.

"ఎదలో ఏందో పట్టేసినట్లుండాదే. ఈ పొద్దు పోవద్దు."

"మళ్లీ మొదలుపెట్నావా కోతలు? మా అన్న ఇంటికంటే సాలు, నీకేందో ఒకటొస్తాది" అని ఈమె బస్సెక్కేసింది. పెళ్లిలో వడ్డన జరుగుతుండగా ఫోన్ వచ్చింది. ఈమె తిరిగొచ్చేసరికి ఆయన్ని చాప మీద పడుకోబెట్టి ఉన్నారు.

ఆ తర్వాత దస్తగిరక్క మనిషి మనిషిగా లేదు. తిండి లేదు, మాట లేదు. కూర్చుని కొడుతూనే ఉండేది. ఒకరోజు ఉన్నట్టుండి సుత్తి కింద పెట్టింది.

"ఆయప్ప అబద్ధాలోడే గదా మే? ఎప్పుడూ అబద్ధాలు చెప్పేటోడు ఆ పొద్దు గూడా చెప్తాండాడు అనుకుంటి. ఎవురైనా అట్లే అనుకుంటారు గదా?"

"అనుకుంటారక్కా."

"మరి ఆయప్ప చెప్పిందంతా నిజమైతే?"

నేను ఇంకో కాయ బండ మీద పెట్టి కొట్టాను.

"కొచ్చికి పోదాం రా మే. నా కండ్లతో చూస్తే గానీ నాకు నిద్ర పట్టదు. నువ్వైతే ఉన్నది ఉన్నట్ల చెప్తావు."

నేను పెళ్లికి ముందు బెంగళూరులో గార్మెంట్స్‌లో పనిచేసినదాన్ని. తమిళం, మలయాళం ముక్కలు ముక్కలుగా వస్తాయి. సరే అన్నాను.

ఎర్నాకులంలో రైలు దిగి పడవెక్కాం. దస్తగిరక్క అంతవరకూ చూసిన పెద్ద నీళ్లు పెనుకొండ చెరువే. పడవలో ఊరు చూడవచ్చిన జనం అందరూ ఫోన్లెత్తి ఫొటోలు తీసుకుంటున్నారు. ఈమె మాత్రం కమ్మీ పట్టుకుని, "ఉండకూడదు దేవుడా, ఉండకూడదు" అని గొణుక్కుంటోంది.

ఉన్నాయి. ఒడ్డు పొడుగునా వరసగా ఉన్నాయి. మా బావి యాతాలకు పదింతలు పెద్దవి. ఒక కొసన ఇంటంత వల, ఇంకో కొసన తాళ్లకు కట్టి వేలాడే బండరాళ్లు. ఒకతను దూలం మీద నడిచాడు, వల మునిగింది. కాసేపటికి నలుగురు తాళ్లు లాగారు, నీళ్లు కారుస్తూ వల పైకి లేచింది. చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. దస్తగిరక్క అక్కడే రాతి గట్టు మీద కూలబడింది.

"యాతమే మే" అంది.

"ఏం యాతంలే! నాలుగు పిల్ల చేపలు పడలేదు, ఇంత ఆర్భాటమా" అన్నాను. ఏదో ఒకటి అనాలి కదా. అంతలోనే అవతలి ఒడ్డు నుంచి ఒక పెద్ద పడవ వచ్చింది. దాని మీద బస్తాల లారీ నిలబడి ఉంది. ఆమె ముఖం పక్కకు తిప్పుకుంది.

ఆటోలో మట్టాంచేరికి పోయాం. పాతకాలపు పెంకుటి గోడౌన్లు, ఏనుగు పట్టేంత తలుపులు, వెనక తలుపు తీస్తే నీళ్లే. వీధిలో అడుగు పెట్టగానే నాకు తుమ్ము వచ్చింది. దాని వెనకే ఇంకోటి. వేరే రోజైతే పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకునేవాళ్లం. ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"తుమ్మద్దు మే. నీ కాళ్లు పట్టుకుంటా, తుమ్మద్దు."

కొంగు ముక్కులో కుక్కుకున్నాను. ఒక గోడౌన్ అరుగు నీడలో ఆమె కాళ్లు చాపి కూర్చుండిపోయింది.

"ఇంక లోటా ఒక్కటే మిగిలింది. అది మాత్రం ఉండదు గదా? లారీ డ్రైవరుకు ఎవురు పెడతారు లోటా? నువ్వు పోయి చూసి రా. నాకు కాళ్లు ఆడడంల్యా."

పోయాను. రెండు గోడౌన్ల మధ్య సందు, సందు చివర నీళ్లు, నీళ్ల పక్కన టీ అంగడి. లుంగీ కట్టుకున్న ముసలాయన ఒక్కడే ఉన్నాడు. ఆంధ్రా లారీ, బాబావలి అన్నానో లేదో, ఆయన లేచి పై అరలో సీసాల వెనక చెయ్యి పెట్టి ఒక స్టీలు లోటా తీశాడు. మేకుతో గీకిన తెలుగు అక్షరాలు వంకరటింకరగా ఉన్నాయి. బాబావలి. దాని మీద పిసరంత దుమ్ము లేదు.

"ఎప్పుడొస్తాడు?" అని తమిళంలో అడిగాడు. ఇంక రాడని, పోయాడని చెప్పాను. ఆయన బెంచీ మీద కూర్చుండిపోయాడు. తన అరచెయ్యి ఎద మీద పెట్టుకుని, ముందుకు వంగి చూపించాడు. చివరిసారి వచ్చినప్పుడు ఇలాగే కూర్చున్నాడట.

"ఆస్పత్రికి పొమ్మన్నాను. అక్కర్లేదు, ఇంటికి పోయి మా ఆవిడకు చెప్తే చాలు, ఆమె చూసుకుంటుంది అన్నాడు."

ఆ లోటాలోనే టీ పోసి నా చేతికిచ్చాడు. తాగాను. అది చేదో తీపో నాకు తెలీలేదు. లోటా నేనే కడిగి, ఉన్నచోటే బోర్లించి వచ్చాను.

నన్ను దూరం నుంచి చూసి దస్తగిరక్క గోడ పట్టుకుని లేచి నిలబడింది.

"ఉండాదా?"

"యాడిదక్కా? ఆ సందులో అంగడే లేదు. నలుగురిని అడిగినా. ఉత్త కోత."

నా కళ్లలోకి చూసింది. నేనూ రెప్ప వేయకుండా చూశాను.

"అబద్ధాలోడు! చూసినావా మే, ఎంత అబద్ధాలోడో!" అని నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే నా భుజం మీద తల పెట్టి భోరున ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి, ముఖం తుడుచుకుని, "ఆకలైతాందే" అంది. ఆయన పోయాక ఆ మాట ఆమె నోట వినడం అదే మొదలు.

ఇప్పుడు దస్తగిరక్క తింటోంది, నిద్రపోతోంది. పనిలోకి కొత్తగా ఎవరొచ్చినా ఆ లోటా కథ చెప్పి నవ్విస్తుంది. వాళ్లు నా వైపు తిరిగి, "నిజంగానే లేదా అక్కా?" అంటారు. "లేదు" అంటాను. చెప్పింది నేను కాబట్టి ఎవరూ రెండోసారి అడగరు. ఉన్నదే చెప్పిన మనిషిని నేనే అబద్ధాలకోరును చేశాను. రేపు మళ్లీ అడిగినా అదే చెబుతాను. బతికున్న మనిషికి నిద్ర పట్టాలి కదా.

పనికి పోయే దారిలో బాబావలన్నను పూడ్చిన ఖబరస్తాన్ గోడ ఉంది. దస్తగిరక్క ముందు నడుస్తుంటే నేను అక్కడ చెప్పు సరిచేసుకునేదానిలా వంగి వెనకబడతాను. ఆమెకు వినపడనంత దూరం పోయాక గోడ వైపు తిరుగుతాను.

"చూసినానన్నా. నమ్ముతాండా."