మూకుడికి అంటిన పాకం

బుల్లీ, పలకవని తెలిసీ ఇంకా పిలుస్తూనే ఉన్నానే.

చదివేవారికి చెబుతున్నాను. వలిసెల పంట కోసి, ఆ నూనెగింజలు ఇంటికి చేర్చిన వారంలోనే నా కూతురు చలిజ్వరంతో పోయింది. పదకొండేళ్లది. బడిలో నేర్చుకున్న అక్షరాలు పొయ్యి బూడిదలో వేలితో రాసి నాకు దిద్దించేది. ఆ కాసిని అక్షరాలతోనే ఇది రాస్తున్నాను.

బెల్లం పాకం పట్టినప్పుడల్లా మూకుడు దగ్గర మా ఇద్దరికీ తగువే. మా కొండల చలికి అడుగున మిగిలిన పాకం ఇట్టే రాయిలా బిగుస్తుంది. నాకు ఓపిక లేదు, కొడవలి మొనతో గీకేదాన్ని. మూకుడంతా గాట్లే. బుల్లి నా చేయి పట్టుకునేది.

"గీకకే అమ్మా. నీల్లోసి పొయ్యి మీదెట్టు. దానంతటదే ఒగ్గేత్తాది."

కరిగిన ఆ తీపి నీళ్లు అడ్డాకు దొప్పలో పోసుకుని జుర్రుకుంటూ తాగేది. ఉండలు ఊరికీ, మూకుడు నీకూనా అని వెక్కిరిస్తే, తోమినందుకు కూలి అనేది.

ఈసారి ఉండలు కొత్తల పండుగకి. కొత్త గింజ అమ్మవారికి పెట్టందే మా ఊళ్లో ఎవరూ నోట పెట్టరు. తెల్లారితే పండుగ. మధ్యాహ్నం, వేయించిన వలిసెలు పాకంలో కలిపి ఉండలు చుడుతున్నాను. అది గోడవారన కంబళి కప్పుకుని పడుకుంది. మూడు రోజులుగా గంజి తప్ప ఏదీ దిగలేదు.

"అమ్మా, నోరు సేదుగుంది. ఒక్క ఉండెట్టు."

"అమ్మోరికెట్టలేదు కదే. రేపు తిందువుగాని."

మూకుడు వైపు తల తిప్పింది. "పోనీ మూకుడు నీల్లియ్యి."

మూకుడికీ నాలుగు గింజలు అంటుకుని ఉన్నాయి. అవీ కొత్తవే కదా అని ఇవ్వలేదు. నేమం తప్పితే దానికే కీడని భయపడ్డాను. పొద్దు వాలకముందే పోయింది.

మైలపడిన ఇల్లని మా ఉండలు అమ్మవారికి పనికిరాలేదు. వాగులో పోసేశాం. అంత కాచి, అంత దాచి, వాగుకి పెట్టాను.

మైల తీరాక పూజారి వచ్చి కూర్చున్నాడు. జరిగింది చెప్పాను.

"జొరం గుంటకి నేమమేటమ్మా? నన్నో మాటడిగితే ఎట్టీమందును."

ఆయనది మా ఇంటికి మూడో ఇల్లు. ఉండలు చుట్టే చేతులు కడుక్కుని వెళ్లి అడగొచ్చు. అడగలేదు. అమ్మవారి మీద కోపం లేదని అబద్ధమాడలేను, కానీ ఇవ్వనన్నది నా నోరే.

మూకుడు అన్నాళ్లూ మూల బోర్లించి ఉంది. తోమమని ఆడపడుచు పోరింది. నిన్న కొడవలి తీసి, మళ్లీ పక్కన పెట్టాను. నీళ్లు పోసి పొయ్యి మీద పెట్టాను. అది చెప్పినట్టే, దానంతటదే వదిలేసింది. గింజలు నాలుగూ పైకి తేలాయి. దొప్పలో పోసి కంబళి పక్కన పెట్టి, ఆవిరి ఆరేదాకా చూస్తూ కూర్చున్నాను.

చదివేవారు ఈ పూట కడుపునిండా తినండి.