పాలపుంతలో ఖాళీ పట్టీ

మొన్న మధ్యాహ్నం మా మనవరాలు పాత రేడియో ముల్లు తిప్పుతుంటే రెండు స్టేషన్ల మధ్య గరగరమని రొద వచ్చింది. "ఆపవే తల్లీ!" అని అరిచేశాను. ఆ రొద వింటే ఎవరికైనా చిరాకే. నాకు మాత్రం దేవసహాయం మాస్టారి మీద కోపం. మనిషి పోయి ఎన్నేళ్ళయినా ఆ కోపం నిక్షేపంగా ఉంది.

డెబ్బైల చివర్లో రాజోలు దగ్గర ఒక కాలేజీలో నేను టెంపరరీ డిమాన్‌స్ట్రేటర్ని. ఆయన మా ఫిజిక్సు శాఖకు పెద్ద. రేడియో గరగరలో కొంత పాలపుంత నుంచే వస్తుందని, దానికి పటం గీసి తీరాలని ఆయన పంతం. కాలేజీ మేడ మీద వెదురు గెడలు పాతి అల్యూమినియం తీగలు కట్టించారు. ఆ ఏరియల్ తిరగదు, దాని మీదుగా ఆకాశమే తిరుగుతుంది; పాలపుంత ఎదురుగా వచ్చినప్పుడు, రొదని కాగితం మీద గీతగా గీసే యంత్రపు కలం పైకి లేస్తుంది. పట్టపగలైనా, మబ్బు పట్టినా లేస్తుంది. వారానికోసారి ఏరియల్‌ని కాస్త వంచితే ఆకాశంలో మరో పట్టీ దొరుకుతుంది. పట్టీలన్నీ పక్కపక్కన పేరిస్తే మన పాలపుంత పళ్ళెం బొమ్మ. ఆ బొమ్మే నా ఎం.ఫిల్. వేసవిలోగా యూనివర్సిటీ వాళ్ళు దాన్ని ఒప్పుకుంటే ఉద్యోగం పర్మనెంటు. నాన్నగారు పోయాక ఇంటికి నా జీతమే ఆధారం.

బొమ్మ నడుమ మిగిలిన ఆఖరి పట్టీ గీతలో ఒక మూపురం కనిపించింది. రోజూ ఒకే వేళకు వస్తే ఊళ్ళో మోటారనుకుందును. ఇది రోజురోజుకీ వేళ మార్చుకుంటోంది. ఎవరూ చూడనిదేదో దొరికిందని పరుగున వెళ్ళి చెప్పాను. ఆయన కళ్ళజోడు సర్దుకున్నారు.

"రోజూ ముందుకొస్తందా అమ్మా, వెనక్కెళ్తందా?"

"వెనక్కండి. రోజుకి ముప్పావుగంట పైనే."

"నక్షత్రాలు రోజూ కాస్త ముందే వస్తాయి కదా. ఇలా ఆలస్యమయ్యేది చంద్రుడు."

"అయితే చంద్రుడేనండి!"

"చంద్రుడికింత గొంతెక్కడిదీ? ఆయన మాటినేది గోదారి. పోటు వేళలు చూసేవా?"

మర్నాడు నన్ను కలం దగ్గర కూర్చోబెట్టి ఏటిగట్టు మీదికి వెళ్ళారు. మా పాయలో సముద్రపు పోటు ఎక్కినప్పుడే ఇసుక పడవలు బయలుదేరతాయి. మాస్టారు కిటికీలోంచి నాకు కనబడేలా గట్టున నిలబడి తువ్వాలు ఊపి పడవ ఇంజను ఆపించారు. కలం చతికిలబడింది. మళ్ళీ ఊపారు, ఇంజను మోగింది, నా మూపురం లేచి కూర్చుంది. ఆ పాత ఇంజన్ల నిప్పురవ్వలు ఏరియల్లో రేపిన రొదని నేను పాలపుంతలో కలిపేశాను.

పట్టీ మొత్తం కొట్టేశారు. మళ్ళీ తీద్దామంటే ఉరుములు మొదలయ్యాయి. ఉరుముల కాలంలో మెరుపుల రొదకి ఆ కలం దేనికీ పనికిరాదు. పక్క గది లెక్చరరు గారు జాలిపడ్డారు. "అటూ ఇటూ చూసి మధ్యలో గీతలు కలిపెయ్యండమ్మా. ఎవరు చూడొచ్చేరు?"

మాస్టారిని అడిగాను. "ఖాళీగా ఉంచు" అన్నారు.

"నా ఉద్యోగం పోతుందండీ!"

"ఆయ్. పోద్దేమో" అన్నారు మెల్లిగా. అంతే.

ఖాళీతోనే పంపాం. "ఇక్కడేముంది?" అని అడిగారు పరీక్షకులు. "తెలీదండి" అన్నాను. పూర్తి చేసి తెమ్మని తిప్పి పంపారు. ఉద్యోగం ఇంకొకరికి వెళ్ళింది. పిల్లలకు ట్యూషన్లు చెప్పుకుంటూ, మాస్టారిని తిట్టుకుంటూ ఆ ఏడు గడిపాను.

చలికాలంలో పడవలవాళ్ళ కాళ్ళావేళ్ళా పడి, ఇంజన్లు ఆపించి, ఆ పట్టీ తీశాం. ఏముంది అందులో? అటూ ఇటూ కలిపి గీసుంటే ఏ గీత వచ్చేదో అచ్చం అదే! కాగితం ఆయన బల్ల మీద పడేశాను. "చూడండి! దీనికా నన్నింత ఏడిపించేరు?"

ఆయన గీత వెంట వేలు పోనిచ్చి, ముఖమంతా సంబరంతో, "ఇప్పుడు తెలిసింది కదమ్మా" అన్నారు. నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

తర్వాత వేరే ఊళ్ళో ఉద్యోగం దొరికింది, బతికాం. ఆయన అంటించిన జబ్బు మాత్రం వదల్లేదు. తెలియనిదాన్ని తెలుసనబోతే నోరు పెగలదు. దానివల్ల ఎంతమందికి చేదయ్యానో, ఎన్ని పోగొట్టుకున్నానో నిలదీద్దామంటే మనిషే లేడు.

మావారు ఆసుపత్రిలో ఉన్నప్పుడు చూడవచ్చినవాళ్ళంతా తగ్గిపోతుందని చెప్పి వెళ్ళేవారు. ఒకరోజు ఆయన నన్నడిగారు, "తగ్గుద్దంటావా?" అని. అబద్ధమాడదామనే నోరు తెరిచాను.

"తెలీదండి" అని వచ్చింది.

"హమ్మయ్య" అన్నారాయన. నా చెయ్యి పట్టుకుని, చాలా రోజుల తర్వాత, నిద్రపోయారు.