రెండో ఆమెన్

మొన్న ఆదివారం దేశం కోసం ప్రార్థన ముగిసి సంఘమంతా "ఆమెన్" అన్నాక, వెనక చాప మీద కూర్చున్న పసివాడొకడు ఆలస్యంగా, ఒక్కడే "ఆమెన్" అన్నాడు. ఆడవాళ్లు నవ్వారు. నేను మాత్రం కళ్లు తెరవలేకపోయాను. ఆ ఆలస్యపు గొంతు నాకు మార్తమ్మ గారిది.

యాభైల మొదట్లో ఏలూరు మిషన్ బడిలో నేను కొత్త టీచరుగా చేరితే, అక్కడే పనిచేసే ఆవిడ కాలవగట్టున తన అద్దెగదిలో నాకు చోటిచ్చారు. ఆవిడ పుట్టింది రంగూన్‌లో. యుద్ధంలో బాంబులు పడితే భర్తతో అడవుల వెంట నడిచి వచ్చారు. ఆయన సరిహద్దు దాటకముందే జ్వరంతో పోయారు. ఇక్కడ చుట్టాలెవరూ లేరు. కొల్లేటి చేపలమ్మే ఆమెకు కూడా ఆవిడ "రంగూనమ్మగారే".

సాయంత్రాలు ఒక పాత నవల చదివి వినిపించేవారు. అందులో రాజు వెళ్లగొట్టిన సేనాని, శత్రువులు ఎంత ఆశపెట్టినా సొంత నేల మీదికి కత్తి ఎత్తడు. నాకు ఒళ్లు మండింది.

"గెంటేసిన దేశం మీద అంత ప్రేమేంటండీ?"

"కొట్టిన అమ్మ దగ్గరికే కదా సారా, పిల్లలు ఏడుస్తూ వెళ్లేది." పుస్తకం ఒళ్లో పెట్టుకొని కాలవ వైపు చూశారు. "ఈ రాసినాయనకి ఒకటి తెలీదు. దేశం ఒక్కటే అయితే కష్టమేముంది?"

ఆదివారాలు ఇద్దరం సండేస్కూల్లో పిల్లలకు చెప్పేవాళ్లం. గుడిలో దేశం కోసం ప్రార్థించినప్పుడల్లా ఆవిడ అందరితో ఒక ఆమెన్, అందరూ ఆగాక మరొకటి అనేవారు. ఒకనాడు సంఘపెద్ద అడ్డంగా నిలబడ్డాడు.

"ఆ రెండోది ఎవరికండీ?"

"మా ఆయన ఉన్న మట్టికండీ."

"ఇక్కడి అన్నం తింటూ పరాయి దేశానికా? ఇంకోసారి వినపడితే సండేస్కూలుకి రానక్కర్లేదండీ."

"చెరలోకి పోయిన యెరూషలేమువాళ్లను, తమను చెరపట్టినవాళ్ల పట్టణం కోసం ప్రార్థించమన్నాడు దేవుడు. చేస్తున్నాను కదండీ. యెరూషలేమును మరిచిపొమ్మని ఆయన అనలేదు."

కానీ పిల్లలకు వాక్యం చెప్పడం తప్ప ఆవిడకు ఈ లోకంలో ఇంకేమీ లేదు. పై ఆదివారం మొదటి ఆమెన్ కాగానే కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. గుడంతా చెవులు రిక్కించింది. ఆ నిశ్శబ్దం భరించలేక రెండోది నేనన్నాను. ఆవిడ నావైపు చూడలేదు. చాప మీద నా వేళ్లు మాత్రం గట్టిగా పట్టుకున్నారు. సండేస్కూలు నాకు పోయింది, ఆవిడకు మిగిలింది.

తర్వాత నన్ను ఈ తాడేపల్లిగూడెం మార్చారు. ఆవిడ పోయారని తెలిసి వెళ్లేసరికి మట్టి వేసేశారు.

రంగూన్ నేనెన్నడూ చూడలేదు. అయినా ఇన్నేళ్లూ ఇక్కడి గుడిలో రెండోది అంటూనే ఉన్నాను. వయసు మీదపడి వెనకబడుతున్నానని పక్కవాళ్లు అనుకుంటారు. మొన్న దగ్గుతెర వచ్చి నేను అనలేకపోయాను. ప్రతివారం వింటున్న ఆ పసివాడు, అదీ ప్రార్థనలో భాగమే అనుకున్నట్టున్నాడు.